గ్రీన్ మ్యాట్ రంగు పెట్టె

ఫిల్మ్ నగర్ గుట్ట దిగువన ఉన్న ఆ స్టూడియోలో ఆసుపత్రికి కావలసిన సరంజామా అంతా ఉంది. నాలుగు స్ట్రెచర్లు, రెండు వీల్ చైర్లు, పదకొండు సెలైన్ స్టాండ్లు, ఒక బీరువా నిండా డాక్టర్ల తెల్లకోట్లు. ఆపరేషన్ గది తలుపు మీద వెలిగే ఎర్రదీపం కూడా ఉంది. లేనిదల్లా, నిజంగా ఎవరికైనా వేలు తెగితే కట్టడానికి ఒక శుభ్రమైన గుడ్డ. ఈ సంగతి ఇరవై ఏళ్లుగా అక్కడ ఎవరికీ తట్టలేదు. ఆ సరంజామా మొత్తానికి తాళంచెవులు నడుముకు కట్టుకుని తిరిగే లీలాకుమారికీ తట్టలేదు. తట్టిన తర్వాత మాత్రం ఆవిడ ఎవర్నీ కుదురుగా కూర్చోనివ్వలేదు.

లీలాకుమారికి యాభై రెండేళ్లు. పుట్టింది తెనాలి దగ్గర. భర్త మోతీనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కల మాస్టారు. పద్దెనిమిదేళ్ల కిందట బట్టలు మడతపెట్టే పనికని స్టూడియోలో చేరితే, చేతిపని చూసి ప్రాపర్టీ స్టోర్‌లో వేశారు. సినిమాలో గోడ తప్ప కనిపించే ప్రతి వస్తువూ ప్రాపర్టీయే. రాజుగారి సింహాసనం దగ్గర్నుంచి హీరోయిన్ విసిరేసే పింగాణీ కప్పు దాకా అన్నీ ఆ స్టోర్‌లోంచే వెళ్లాలి, అక్కడికే తిరిగి రావాలి. ఆవిడ మైనంతో ఇడ్లీలు పోస్తే పక్కన చట్నీ పెట్టుకుని కూర్చునేవాళ్లు. టీ డికాషన్‌తో చేసిన విస్కీ చూసి ఓ నటుడు నిజంగానే మొహం చిట్లించాడట. ఇక రక్తం సంగతి చెప్పక్కర్లేదు. మిగతా చోట్ల మేకప్ వాళ్లు కలుపుకుంటారు గానీ, ఇక్కడ మాత్రం రక్తం లీలాకుమారి చేతి వంటే. మొక్కజొన్న పాకంలో ఎర్రరంగు, చిటికెడు కాఫీపొడి. అప్పుడే కారినదొక రకం, ఆరిపోయినదొక రకం. ఏ షాట్‌కి ఎన్ని సీసాలు ఇచ్చిందీ రిజిస్టర్లో రాసుకుంటుంది.

ఆ గొప్ప చేతిపనే ఆవిడ మెడకు చుట్టుకుంది.

పోయినేడు ఫిబ్రవరిలో మూడో ఫ్లోర్‌లో, అంటే మూడో షూటింగు హాల్లో, సెట్ వేస్తున్నారు. వడ్రంగి తిరుమలేశ్ ప్లైవుడ్ కోస్తుంటే కరెంటు రంపం జారి ఎడమచేతి చూపుడువేలు మొదటి కణుపు దగ్గర తెగిపోయింది. తిరుమలేశ్‌ది మెదక్ వైపు, ఇల్లు బోరబండలో, నలభై దాటిన మనిషి. ఆ చేతుల్లోంచి ఎన్ని రాజమహళ్లు లేచాయో లెక్కలేదు. అందరూ కేకలు పెట్టారు. పక్క ఫ్లోర్‌లో ఆసుపత్రి సెట్ ఉంది. లైటుమ్యాన్ ఒకడు పరుగెత్తుకెళ్లి అక్కడ గోడకు తగిలించిన, ఎర్ర ప్లస్ గుర్తున్న తెల్లపెట్టె తెచ్చాడు. అందులో దూది ఉంది, బ్యాండేజీ చుట్టలున్నాయి, టింక్చర్ అని రాసిన గోధుమరంగు సీసా ఉంది. సీసా సగం వేలి మీద కుమ్మరించారు. దూదితో అదిమి కట్టు కట్టారు. తెగిపడ్డ ముక్కను ఎవరో తెలివైనవాడు స్టీలు గ్లాసులో ఐసుముక్కల మధ్య వేశాడు. కారు ఎవరిది, తాళం ఎవరి దగ్గరుంది, గేటుకు అడ్డంగా ఉన్న జనరేటర్ బండి ఎవరు తీస్తారు అని తేలేసరికి పావుగంట. ఆసుపత్రికి చేరేసరికి మరో నలభై నిమిషాలు.

డాక్టరు కట్టు విప్పి, "ఇదేం మందయ్యా పోశారు?" అన్నాడట. అది లీలాకుమారి కలిపిన రంగునీళ్లు. ఆ దూది తొమ్మిది సినిమాల్లో నటించిన దూది. ముక్కను తడిగుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి, ఆ కవరును ఐసులో ఉంచి తెచ్చుంటే అతికించే ప్రయత్నమైనా చేసేవాళ్లమనీ, నేరుగా ఐసులో పడేస్తే పాడైపోయిందనీ కూడా చెప్పాడట. రంగునీళ్ల పుణ్యమా అని పుండు చీము పట్టి రెండో కణుపు దాకా తీసేయాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున పెట్టె స్టోర్‌కి తిరిగొచ్చింది. లీలాకుమారి అలవాటుగా మూత తీసి లెక్క చూసుకుంది. సినిమాలో ఎవరూ ఆ సీసా మూత తీయరు, అదలా వెనక కనిపిస్తే చాలు. అలాంటిది సీసా సగం ఖాళీ. ఎందుకని అడిగింది, చెప్పారు. తర్వాత ఆ సీసా తీసి తన బల్ల మీద, రోజూ కళ్లబడే చోట పెట్టుకుంది.

ఆ ఆదివారం బోరబండ వెళ్లింది. తిరుమలేశ్ మంచం మీద కూర్చుని, కట్టుకట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని టీవీ చూస్తున్నాడు.

"సీసా నాది తిరుమలేశూ. అందులో నీళ్లు కలిపింది నేను" అంది లీలాకుమారి, కూర్చోకుండానే.

"మీరేం జేసిన్రమ్మా? రంపం కోసింది, నా నజర్ తప్పింది" అన్నాడతను. దిండు మీది చెయ్యి సర్దుకుంటూ, "ఒక్కటి జెప్త, తప్పనుకోకుండ్రి. గా తెల్లపెట్టెను జూడంగనే నా పానం నిమ్మలమైంది. దవాఖాన పెట్టె వచ్చింది, ఇగ ఫికర్ లేదు అనుకున్న" అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఆ మాట మాత్రం లీలాకుమారికి గుండెలో ముల్లులా దిగింది. వెళ్లబోతూ, "నువ్వు మళ్లీ పనిలోకి వచ్చే రోజుకి అక్కడ నిజం పెట్టె ఉంటుంది. అది నిజమైందని నువ్వే చూసి చెప్పాలి" అంది. తిరుమలేశ్ మర్యాదకు తలూపాడు. పెద్దవాళ్ల ఓదార్పు మాటలు ఎన్ని వినలేదతను!

స్టూడియో మేనేజరు రవిచంద్ర చెడ్డవాడు కాదు. అడగ్గానే "అయ్యో, రేపే తెప్పిస్తానండీ" అన్నాడు, తెప్పించాడు కూడా. తెప్పించి తన గదిలో బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని శ్రీనగర్ కాలనీలో మీటింగుకి వెళ్లిపోయాడు. సాయంత్రం అతను వచ్చాక లీలాకుమారి ఆ పెట్టె తీయించి చూసింది. రెండు డజన్ల చిన్న ప్లాస్టర్లు, ఒక కత్తెర, తలనొప్పి బామ్.

"ఇది ఎవరి కోసం కొన్నారండీ?"

"అందరి కోసం."

"అందరికీ ఏం దెబ్బలు తగులుతాయో తెలుసా మీకు?"

"మీకు మాత్రం తెలుసా ఏంటి?"

"తెలీదు. తెలుసుకుంటాను" అంది లీలాకుమారి. ఆ రాత్రే భర్త దగ్గర బడిపిల్లల లెక్కల నోటుపుస్తకం ఒకటి అడిగి తీసుకుంది.

మర్నాటి నుంచి రోజూ పని మొదలయ్యే ముందు ఒక గంట, భోజనాల వేళ ఒక గంట ఆ పుస్తకం పట్టుకుని స్టూడియో అంతా తిరిగింది. వడ్రంగుల దగ్గరికి వెళ్లి, "పోయిన నెలలో ఎవరెవరికి ఏం తగిలింది?" అని అడిగితే మొదట నవ్వారు. దెబ్బలు లెక్కపెట్టుకునే అలవాటు వాళ్లకు లేదు. అడగ్గా అడగ్గా ఒక్కొక్కరూ చేతులు చాపి చూపించారు. మేకులు గుచ్చుకున్నవి, ఉలి జారినవి. రంగులు వేసేవాళ్లకి కళ్లలో థిన్నర్ పడుతోంది. లైటువాళ్లకి వేడిలైట్లు చేతులు కాలుస్తాయి, తడినేల మీద కేబుళ్లు షాకు కొడతాయి. లైట్లు బిగించడానికి పైన బల్లల మీద నడిచేటప్పుడు వాళ్లు నడుముకు కట్టుకోవాల్సిన తాడు గది మూలన దుమ్ము పట్టి ఉంది. కృష్ణానగర్ నుంచి పొద్దున్నే వచ్చే జూనియర్ ఆర్టిస్టు ఆడవాళ్లు ఏమీ తినకుండా పట్టుచీరల్లో ఎండలో నిలబడి కళ్లు తిరిగి పడిపోతారు. గేటు దగ్గర కాపలా పెద్దాయనకి షుగరు. వంటశాలలో అందరికీ టీ కాచే కౌసల్య మోచేతి మీద అరచెయ్యంత కాలిన మచ్చ ఉంది.

"దీనికేం రాశావు కౌసల్యా?"

"తెల్ల పేస్టు రాసినక్కా. మస్తు సల్లగుండె. మూడో రోజుకి తోలు దాంతోటే ఊడొచ్చింది" అంది కౌసల్య, వేరెవరి సంగతో చెప్తున్నట్టు.

లీలాకుమారి అన్నీ రాసుకుంది. మామూలు రోజున ఎంతమంది ఉంటారు? అరవై. పెద్ద పాట తీసే రోజున? నాలుగు వందలు. ఎవరు ఏ మూల ఉంటారు, ఆ మూల నుంచి నడిచి రావడానికి ఎంతసేపు పడుతుంది అని తనే అడుగులేసి చూసింది. తర్వాత ఆసుపత్రి సంగతి. దగ్గరిదే కదా, మూడు కిలోమీటర్లే అంటారందరూ. లీలాకుమారి ఆ మాట చెవిన వేసుకోలేదు. చేతిగడియారం పెట్టుకుని ఆటో ఎక్కింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. మూడుసార్లూ అదే ఆటో దొరికింది.

"ఏంది మేడం, పొద్దుగాల సంది దవాఖాన దాకా వస్తుండ్రు, దిగకుండనే వాపస్ పోతుండ్రు. లోపల ఎవరన్న దుష్మన్ ఉన్నడా?" అన్నాడు ఆటో అతను.

పొద్దున పంతొమ్మిది నిమిషాలు. మధ్యాహ్నం పన్నెండు. సాయంత్రం ఆరున్నరకి చెక్‌పోస్ట్ దగ్గర ఇరుక్కుంటే నలభై ఒకటి. అంబులెన్స్‌కి దారి ఇచ్చినా పాతిక నిమిషాలు తప్పవని రాసుకుంది. ఆ పాతిక నిమిషాలూ మనిషిని ఎవరు చూసుకోవాలన్నదే ఇప్పుడు తేలాల్సిన విషయం.

పదిహేను రోజుల తర్వాత ఆ నోటుపుస్తకం రవిచంద్ర బల్ల మీద పెట్టింది. అతను పేజీలు తిప్పుతున్నకొద్దీ మొహంలో నవ్వు తగ్గింది. ప్రతి ఫ్లోర్‌కీ ఒకటి, వడ్రంగుల షెడ్డుకి ఒకటి, వంటశాలకి ఒకటి, మొత్తం ఆరు పెట్టెలు కావాలనీ, ఒక్కో పెట్టెలో ఏమేం ఉండాలో వేరువేరుగా రాశాననీ, పెట్టెకి ఇద్దరు చొప్పున పన్నెండు మందికి నేర్పించాలనీ, గేటు లోపల అంబులెన్స్ నిలబడేంత చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచాలనీ చెప్పింది.

"పెట్టెలు కొనచ్చండీ" అన్నాడు రవిచంద్ర. "కానీ వారంలో ఖాళీ అయిపోతాయి. మేకప్ వాళ్లు దూది లాగేస్తారు, స్పిరిట్ లాగేస్తారు. ఏదో సీనుకి బ్యాండేజీ కావాలని అసిస్టెంట్ డైరెక్టర్లు మొత్తం పెట్టెనే ఎత్తుకుపోతారు. మన సంగతి మీకు తెలీదా?"

తెలుసు. పద్దెనిమిదేళ్లుగా అలా ఎత్తుకుపోయే వాళ్లకి వస్తువులు అందించిందే తను. ఆ మధ్యాహ్నం లీలాకుమారి క్యారియర్ ముందు పెట్టుకుని అన్నం కలపడం మర్చిపోయి ఆలోచించింది. సినిమావాళ్లు ముట్టుకోని వస్తువేది? ఎదురుగా రెండో ఫ్లోర్ తలుపు తెరిచి ఉంది. లోపల గోడంతా చిలకాకుపచ్చ గుడ్డ వేలాడుతోంది. గ్రీన్ మ్యాట్. దాని ముందు మనిషిని నిలబెట్టి తీస్తే, తర్వాత కంప్యూటర్లో ఆ ఆకుపచ్చంతా చెరిపేసి హిమాలయాలైనా పెడతారు, అంతరిక్షమైనా పెడతారు. ఆ రంగు వస్తువు ఏదైనా ఫ్రేములోకి వస్తే గ్రాఫిక్స్ వాళ్లు ఒంటికాలి మీద లేస్తారు. అందుకే ఆర్ట్ డిపార్ట్‌మెంటులో ఏ ఒక్కడూ ఆ రంగు చెంచాని కూడా సెట్‌లోకి రానివ్వడు.

లీలాకుమారి గబగబా తిని లేచింది. ఆరు పెట్టెలకీ తనే కూర్చుని గ్రీన్ మ్యాట్ రంగు వేసింది. మీద తెల్లటి ప్లస్ గుర్తు. తాళాలు లేవు. పాత తెల్లపెట్టెల సీసాల్లో ఉన్నదంతా పారబోసి, మూతల లోపల పెద్ద అక్షరాలతో రాసింది: "ఇది సినిమా పెట్టె. ఆకుపచ్చ పెట్టె కోసం పరుగెత్తండి." బల్ల మీదున్న ఆ ఒక్క సీసా మాత్రం అలాగే ఉంచుకుంది.

నేర్పడానికి మోతీనగర్ నుంచి సీతామహాలక్ష్మిగారిని తీసుకొచ్చింది. ఆవిడ రిటైరైన నర్సు, లీలాకుమారి వాళ్ల పై వాటాలో ఉంటుంది. గొంతు వింటే ఎంతటివాడైనా సర్దుకుని కూర్చోవాల్సిందే. పన్నెండు మందిలో అందరికంటే ముందు పేరిచ్చినవాడు తిరుమలేశ్. అప్పుడే పనిలోకి తిరిగొచ్చాడు. రావడంతోనే షెడ్డులో ఆకుపచ్చ పెట్టె తెరిచి, ఒక్కో వస్తువూ తీసి చూసి, మళ్లీ సర్ది పెట్టాడు. అది నిజమైందో కాదో మాత్రం ఇంకా చెప్పలేదు.

"రక్తం కారుతుంటే ముందు ఏం చేస్తారు?" అని అడిగింది సీతామహాలక్ష్మి.

కాఫీపొడి వేస్తామని ఒకరు, పసుపు అద్దుతామని ఒకరు, మేనేజరుగారికి ఫోను చేస్తామని ఇంకొకరు చెప్పారు.

"బాగుంది. మేనేజరుగారొచ్చి కాఫీ కలుపుకుంటారు" అందావిడ. "వినండి. శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కిపట్టండి. నొక్కిన చెయ్యి తీయకండి. మధ్యలో ఎత్తి చూడకండి, ఉడికిందో లేదో చూడ్డానికి అది పప్పు కాదు. గుడ్డ తడిసిపోతే దానిమీదే ఇంకోటి పెట్టి నొక్కండి. కాలితే ఇరవై నిమిషాలు కుళాయి కింద పెట్టండి, పేస్టూ వద్దు, వెన్నా వద్దు. షాకు కొట్టినవాణ్ణి ముట్టుకోకండి, ముందు మెయిన్ ఆపండి."

మూడు రోజులు అలా సాగింది. లీలాకుమారి తన రక్తం సీసాలన్నీ తెచ్చింది. స్ట్రెచర్లు తెచ్చింది. లైటుమ్యాన్ మోచేతి కింద గొట్టం పెట్టి రక్తం చిమ్మిస్తే కౌసల్య మొదటిసారి కెవ్వున అరిచింది, రెండోసారి నొక్కిపట్టింది. సీతామహాలక్ష్మి ముక్కున వేలేసుకుని, "మా ట్రైనింగులో కూడా ఇంత బాగా లేదమ్మా" అంది. తిరుమలేశ్ మాత్రం మిగతావాళ్లు టీకి వెళ్లినా దిండు మీద గుడ్డ పెట్టి తన మొండివేలి చేత్తో నొక్కుతూనే ఉన్నాడు. పట్టు ఎక్కడ జారుతోందో చూసుకుంటూ, అరచేతి మడమతో, అంటే మణికట్టు దగ్గరి గట్టిభాగంతో, నొక్కడం అలవాటు చేసుకున్నాడు.

ఇంతలో కొత్త సినిమా ముహూర్తం వచ్చిపడింది. అంతా ఫైట్లే. ముందురోజు రవిచంద్ర పరుగున వచ్చాడు.

"లీలాకుమారిగారూ, దయచేసి ఆ పెట్టెలు స్టోర్‌లో పెట్టేయండి. కొబ్బరికాయ కొట్టే చోట కట్టుగుడ్డలేంటండీ, అపశకునం! నిర్మాతగారు చూస్తే నన్ను బతకనివ్వరు. గుమ్మడికాయ కొట్టాక మళ్లీ బయట పెట్టుకోండి."

గుమ్మడికాయ కొట్టడమంటే షూటింగు మొత్తం అయిపోవడం. అంటే దెబ్బలన్నీ తగిలాక పెట్టెలు బయటికి రావాలన్నమాట! లీలాకుమారికి ఒళ్లు మండింది. కానీ రవిచంద్రతో వాదించి లాభం లేదని ఆవిడకు తెలుసు. చెప్పులేసుకుని గుట్ట మీది గుడికి వెళ్లింది. స్టూడియో ముహూర్తాలన్నీ చేయించే పూజారి సుబ్రహ్మణ్యంగారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. సంగతంతా చెప్పింది, తిరుమలేశ్ వేలితో సహా.

ఆయన అంతా విని, "కెమెరాకి బొట్టు పెడుతున్నాను. క్రేనుకీ పెడుతున్నాను. అది ఎవరి మీదైనా పడితే ఆదుకునేదానికి పెట్టకూడదని ఎవరు చెప్పారమ్మా?" అన్నారు.

మర్నాడు పూజ మధ్యలో ఆయన తలెత్తి, ఏమీ ఎరగనట్టు, "ఆ ఆకుపచ్చ పెట్టెలు కూడా ఇటు తీసుకురండి నాయనా" అన్నారు. రవిచంద్ర మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆరు పెట్టెలకీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, హారతిచ్చారు. నిర్మాత కళ్లకద్దుకున్నాడు. ఇక ఆ పెట్టెలను కదిలించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. బొట్టున్న పెట్టెలోంచి దూది తీయడానికి మేకప్ వాళ్లు కూడా జంకారు. లీలాకుమారి మాత్రం తన పన్నెండు మందినీ పక్కకు పిలిచి, "బొట్టు పెట్టారు కదా అని అవసరానికి దణ్ణం పెడుతూ నిలబడేరు. తెరవండి" అని గట్టిగా చెప్పింది.

గేటు దగ్గర ఖాళీ చోటు సంగతి ఇంకా తేలలేదు. పసుపు గీతలు గీయించిన చోటే హీరోగారి వ్యాను తెచ్చి నిలిపాడు డ్రైవరు. లీలాకుమారి వెళ్లి బండి ముందు నిలబడింది.

"హీరోగారి బండమ్మా ఇది!"

"రేపు హీరోగారికి దెబ్బ తగిలినా అంబులెన్సు ఇటే రావాలి నాయనా. ఆయన్నే అడిగి రా, నేనిక్కడే ఉంటాను."

అడగడానికి వెళ్లినవాడు తిరిగొచ్చి బండి తీశాడు.

మూడో వారం, మంగళవారం, పొద్దున పదకొండు గంటలు. మూడో ఫ్లోర్‌లో కిటికీ అద్దం పగలగొట్టుకుని ఫైటర్ దూకే షాట్. ఫైటర్ పేరు సాయిశ్రీనివాస్, పదేళ్లుగా ఇదే పని. సినిమాలో పగిలే అద్దం పంచదార పాకంలాంటి దానితో పోస్తారు, తగిలినా కోయదు. ముందురోజు రిహార్సల్లో కింది పలక ఒకటి పగిలితే, ఎవరో తొందరలో అక్కడ మామూలు అద్దం బిగించి వెళ్లారు. ఎవరికీ చెప్పలేదు.

సాయిశ్రీనివాస్ దూకాడు. భళ్లుమని అద్దాలు చిట్లాయి. నేలమీద పొర్లి బోర్లా పడ్డాడు. డైరెక్టరు "కట్! ఓకే! అదిరింది!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అతని కుడిచేతి కింద నుంచి ఎర్రగా నేలమీదకి పారుతోంది. కెమెరా పక్కనున్న అసిస్టెంటు, "సార్, బ్లడ్ భలే వచ్చింది, అలాగే క్లోజప్ తీసేద్దామా?" అన్నాడు. సాయిశ్రీనివాస్ కదలకుండా ఉన్నాడు. షాట్ బాగా చేస్తున్నాడనుకున్నారు.

లీలాకుమారి తర్వాతి షాట్‌కి కావలసిన కర్రలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆ ఎరుపు చూసింది. పొద్దున తను రాసిన రిజిస్టరు కళ్లముందు కదిలింది.

"ఈ షాట్‌కి నేను రక్తం ఇవ్వలేదు!"

ఆ కేక ఫ్లోరంతా వినిపించింది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తిరుమలేశ్‌కి అర్థమైంది. సెట్ వెనక మేకు కొడుతున్నవాడు సుత్తి పారేసి, గోడ మీది ఆకుపచ్చ పెట్టె లాగి, కిటికీలోంచే దూకాడు. సాయిశ్రీనివాస్‌ని వెల్లకిలా తిప్పాడు. మణికట్టు పైన చీరుకుపోయి నెత్తురు కొట్టుకుంటూ వస్తోంది. గాయంలో గాజుముక్క ఏదీ మిగల్లేదని చూసుకుని, గుడ్డమడత పెట్టి అరచేతి మడమతో అదిమాడు. ఆ చేతిని గుండెకంటే ఎత్తులో పట్టుకున్నాడు.

"కౌసల్యా, కాళ్లు పైకి లేపు! 108కి ఎవరు చేస్తుండ్రు?"

"చేస్తున్నా" అన్నాడు లైటుమ్యాన్, ఆనాడు తెల్లపెట్టె తెచ్చినవాడే. టీ ఇవ్వడానికొచ్చిన కౌసల్య సాయిశ్రీనివాస్ కాళ్ల కింద సెట్‌లోని బస్తా ఒకటి తోసింది. కాపలా పెద్దాయన పెద్దగేటు బార్లా తెరిచి రోడ్డు మీద నిలబడ్డాడు. రవిచంద్ర పరుగున వచ్చి, "ఒకసారి తీసి చూడు, ఆగిందేమో" అన్నాడు.

"తియ్య" అన్నాడు తిరుమలేశ్. "సార్, మీరు జర పక్కకుండ్రి."

గుడ్డ తడిసింది. లీలాకుమారి ఇంకో మడత అందించింది. దాని మీదే పెట్టి నొక్కాడు. సాయిశ్రీనివాస్ పెదాలు తెల్లబడ్డాయి. "అన్నా, నా చెయ్యి..." అంటున్నాడు.

"ఉన్నది తమ్మీ, నీ చెయ్యి నా చేతుల్నే ఉన్నది. నాతోటి మాట్లాడు. మీ ఇంట్ల ఎవరెవరున్నరో చెప్పు."

అంబులెన్స్ పద్దెనిమిది నిమిషాలకు వచ్చింది. ఎక్కడా ఆగకుండా ఫ్లోర్ తలుపు దాకా వచ్చి నిలబడింది. అప్పటిదాకా తిరుమలేశ్ చెయ్యి తీయలేదు. బండిలోనూ తీయలేదు. ధమని తెగిందనీ, ఇలా పట్టుకోకపోతే మనిషి దారిలోనే పోయేవాడనీ డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ అయింది. చెయ్యి నిలిచింది. రెండు నెలల్లో మళ్లీ దూకుతాడట, దూకొద్దని వాళ్లావిడ ఇప్పటికీ పోరుతోంది.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే తిరుమలేశ్ స్టోర్‌కి వచ్చాడు. మూడో ఫ్లోర్ పెట్టెలో వాడిన గుడ్డల బదులు కొత్తవి తీసుకోవడానికి. లీలాకుమారి లెక్కపెట్టి ఇచ్చింది. అతను వెళ్లబోతూ బల్ల మీది గోధుమరంగు సీసా చూశాడు. సగం మిగిలిన ఆ రంగునీళ్లలో మడ్డి అడుగున పేరుకుని ఉంది.

"గిదేనా అమ్మా, ఆనాటిది?"

"అదే."

"ఎందుకు పెట్టుకున్నరు?"

"మర్చిపోకూడదని" అంది లీలాకుమారి.

తిరుమలేశ్ సీసా తీసుకుని బయట కుళాయి దగ్గరికి వెళ్లాడు. మూత తీసి, ఉన్నదంతా కాలవలోకి వంపాడు. మొండివేలితో మూతి చుట్టూ రుద్ది, రెండుసార్లు కడిగి, తెచ్చి బల్ల మీద బోర్లించాడు.

"మీరు చూసి చెప్పమన్నరు గద, జెప్తున్న" అన్నాడు. "పెట్టె అసలుదే అమ్మా."

లీలాకుమారి కొంగుతో కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్నకొద్దీ వస్తూనే ఉన్నాయి. తిరుమలేశ్ గుడ్డల కట్ట చంకలో పెట్టుకుని మూడో ఫ్లోర్ వైపు వెళ్లాడు.